గొరిల్లాల అడవికి 64 ఏళ్ళ నాన్నని తీసుకెళ్ళొచ్చా? (బ్విండి, ఉగాండా)

నల్లమల_బిడ్డ
అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి ప్లీజ్.
మా నాన్న ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్‌లో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు, మొత్తం సర్వీసంతా నల్లమలలోనే, దోర్నాల, ఆత్మకూరు, శ్రీశైలం వైపు ఆయన నడవని దారి లేదు. ఇప్పుడు 64. ఆయనకి ఎప్పట్నుంచో ఒకటే కోరిక, కొండ గొరిల్లాని దాని అడవిలోనే చూడాలని. అమ్మ పోయాక ఏదీ అడగడం మానేశారు, మొన్న టీవీలో గొరిల్లాలు వస్తుంటే అన్నం కంచం పక్కన పెట్టి మరీ చూశారు, అప్పుడే అనుకున్నా తీసుకెళ్ళాలని. నేను, మా ఆయన, నాన్న, ముగ్గురం. జులైలో అనుకుంటున్నాం.
నా డౌట్లు ఏంటంటే, ఉగాండానా రువాండానా, నాన్నకి కుడి మోకాలు నొప్పి ఉంది ఆ కొండలు ఎక్కగలరా, ఎన్ని గంటలు నడవాలి, టీకాల సంగతేంటి, మొత్తం ఖర్చు ఎంతవుతుంది. వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పండి.

కంపాలా_కాపురం
అమ్మా, నేను కంపాలాలో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నా, ఫార్మా కంపెనీలో ఉద్యోగం. బ్విండికి మూడుసార్లు వెళ్ళా, రెండుసార్లు ఇండియా నుంచి వచ్చిన చుట్టాల్ని తీసుకుని. నాకు తెలిసింది చెప్తా.
గొరిల్లాలని చూసే పర్మిట్ ఉగాండాలో విదేశీయులకి 2024 జులై నుంచి 800 డాలర్లు, అంతకుముందు 700 ఉండేది. మన డబ్బుల్లో మనిషికి 70 వేల దాకా పడుతుంది. రువాండాలో 2017 నుంచి 1500 డాలర్లు. ముగ్గురు కాబట్టి తేడా చాలా వస్తుంది, అది ఒక్కటే చూసుకున్నా ఉగాండానే. పర్మిట్ ఉగాండా వైల్డ్‌లైఫ్ అథారిటీ ఇస్తుంది, పాస్‌పోర్ట్‌లో పేరు ఎలా ఉంటే అలాగే, ఒక్క అక్షరం తేడా రాకుండా ఇవ్వండి, మన ఇంటిపేర్లతో ఇక్కడ వాళ్ళు తికమక పడతారు. జూన్ నుంచి ఆగస్ట్ దాకా వానలు తక్కువ కాబట్టి జనం ఎక్కువ, ఆరు నెలల ముందే బుక్ చేయండి.
బ్విండిలో నాలుగు వైపుల నుంచి అడవిలోకి వెళ్తారు, బుహోమా, రుహిజా, రుషాగా, న్కురింగో. నాన్నగారి మోకాలికి బుహోమా మంచిది, న్కురింగో వైపు కొండ చాలా నిట్టనిలువు, వద్దు. అయినా గొరిల్లాలు ఎక్కడుంటే అక్కడికి మనం వెళ్ళాలి, అవి మన దగ్గరికి రావుగా, ఒకసారి నాకు నలభై నిమిషాల్లో కనిపించాయి, ఇంకోసారి నాలుగు గంటలు నడిచా. రెండూ ఒకే చోట నుంచి బయల్దేరినవే. కంపాలా నుంచి కారులో తొమ్మిది పది గంటలు, ఆఖర్లో మట్టి రోడ్డు, నడుం పట్టేస్తుంది. మీకు ఓపిక లేకపోతే ఎంటెబ్బే ఎయిర్‌పోర్ట్ నుంచి అడవికి దగ్గర్లోని కిహిహికి చిన్న విమానాలు ఉన్నాయి.
పోర్టర్‌ని మాత్రం తప్పకుండా పెట్టుకోండి. బ్యాగ్ మోయడం చిన్న విషయం, బురదలో వెనక నుంచి తోసి, ముందు నుంచి చెయ్యిచ్చి లాగేది వాళ్ళే. 20 డాలర్ల దాకా అవుతుంది, ఆ ఊళ్ళ వాళ్ళే, అందులో ఒకప్పుడు అడవిలో వల పెట్టినవాళ్ళు కూడా ఉంటారు. ఇంక అస్సలు నడవలేనివాళ్ళని బుట్టలాంటి డోలీలో మోసుకెళ్తారు, దానికి ఎక్కువ డబ్బు అడుగుతారు, పది పన్నెండు మంది మారిమారి మోస్తారు.

పాలమూరోడు
నేను రువాండా పోయొచ్చిన అక్కా. పైసలు ఎక్కువైనా సుఖముంటది. కిగాలి నుంచి గొరిల్లాల పార్క్ ఉండే కినిగికి రెండున్నర గంటల్ల పోతం, రోడ్డు అద్దం లెక్క ఉంటది. మీ బాపుకు కారుల పది గంటలు కూసునుడు కష్టమైతే అది ఆలోచించుండ్రి. ఇంకోటి, కిగాలిల దిగి బార్డర్ దాటి ఉగాండా దిక్కు గూడ పోవచ్చు, రుషాగా అయితే నాలుగైదు గంటలే. గట్ల పోతే ఈస్ట్ ఆఫ్రికా వీసా తీసుకోండ్రి, 100 డాలర్లు, ఉగాండా రువాండా కెన్యా మూడిట్ల నడుస్తది, కానీ ముందు ఏ దేశంల దిగుతరో ఆ దేశంల నుంచే అప్లై చెయ్యాలె.
చేతులకు గ్లవ్స్ మర్చిపోకుండ్రి. నేను మర్చిపోయిన, ఏదో ఆకు పట్టుకున్న, మన దురదగొండి లెక్కనే, రెండు దినాలు చెయ్యి మండింది. ప్యాంటు సాక్సులల్ల దోపుకోవాలె, చీమలు ఎక్కుతయ్.

డాక్టరమ్మ_గుంటూరు
టీకా విషయం ఒకటి ముఖ్యంగా చెప్పాలి. ఉగాండాకి యెల్లో ఫీవర్ సర్టిఫికెట్ లేనిదే వీసా రాదు, అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్ట్‌లోనే ఆరు రోజులు క్వారంటైన్‌లో పెట్టే అధికారం ఉంది. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం ఉంటుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు.
కానీ నాన్నగారికి 60 దాటాయి కదా. 60 దాటాక మొదటిసారి ఆ టీకా వేసుకునేవాళ్ళలో సీరియస్ రియాక్షన్లు వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. అరుదే, భయపడొద్దు, కానీ షుగర్, వాడుతున్న మందులు, గుడ్డు అలర్జీ, ఇవన్నీ డాక్టర్‌కి చెప్పి వేయించండి. ఊరికే లైన్లో నిలబడి వేయించుకోవద్దు. మలేరియా మాత్రలు కూడా అప్పుడే రాయించుకోండి.
మోకాలికి ఇప్పటి నుంచే మెట్లు ప్రాక్టీస్ చేయించండి. ఎక్కడం కంటే దిగడమే మోకాలికి పరీక్ష.

గోదారి_గాలి
ఏమనుకోకండి, ఒక మాట అడుగుతా. గంట చూడ్డానికి మనిషికి 70 వేలా? మైసూరు జూలో గొరిల్లాలు ఉన్నాయిగా, 2021లో జర్మనీ నుంచి రెండు తెచ్చారు, మా పిల్లలకి చూపించాం. నాన్నగారి కోరిక తీర్చడం మంచిదే కానీ ఆ వయసులో అంత దూరం, అంత ఖర్చు అవసరమా అని.

అడవి_చూపు
గోదారి గారూ, మైసూరువి వేరే జాతి, పడమటి పల్లపు గొరిల్లాలు. కొండ గొరిల్లా ప్రపంచంలో ఏ జూలోనూ లేదు, వాటిని పట్టి తెచ్చి బతికించలేకపోయారు. ఉన్నవన్నీ రెండే రెండు చోట్ల, బ్విండి అడవి, దానికి దగ్గర్లోనే విరుంగా అగ్నిపర్వతాలు. 2019లో ప్రకటించిన లెక్క ప్రకారం మొత్తం 1063, అందులో విరుంగాలో 604, బ్విండి వైపు 459. మన ఊళ్ళో ఒక హైస్కూల్లో ఉండే పిల్లలంత మంది, ప్రపంచం మొత్తానికీ!
1980ల మొదట్లో విరుంగాలో 250 దాకా మిగిలాయి అంతే. అక్కడి నుంచి పెరిగాయంటే కారణం ఈ పర్మిట్ డబ్బే చాలావరకు. రేంజర్ల జీతాలు దీన్నుంచే, ఒక్కో పర్మిట్‌లో 10 డాలర్లు, పార్క్ ఎంట్రీ డబ్బులో 20 శాతం చుట్టుపక్కల ఊళ్ళకి ఇస్తారు. గొరిల్లా బతికుంటే ఊరికి బడి వస్తుంది అని ఊరివాళ్ళకి అర్థమైతేనే అది బతుకుతుంది. ఒక గుంపు దగ్గరికి రోజుకి ఎనిమిది మందిని, ఒకే ఒక్క గంట పంపిస్తారు, రేటు పెరగడానికి అదీ ఓ కారణం. రోజుకి వంద మందిని తోలితే రేటు తగ్గుతుంది, గొరిల్లాలూ తగ్గిపోతాయి.
అయితే ఈ కథలో చెప్పుకోని బాధ ఒకటుంది. బ్విండిని 1991లో నేషనల్ పార్క్ చేసినప్పుడు అందులో తరతరాలుగా ఉన్న బట్వా వాళ్ళని బయటికి పంపేశారు. భూమి లేదు, పరిహారం లేదు. తేనె, దుంపలు, వేట, అన్నీ అడవిలోనే ఉన్న మనుషులు రోడ్డు పక్కన కూలికి నిలబడ్డారు. బుహోమాలో బట్వా పెద్దలు వాళ్ళ పాత జీవితం గురించి చెప్పే నడక ఒకటి ఉంటుంది, టైం ఉంటే ఒక పూట దానికి ఇవ్వండి.

నల్లమల_బిడ్డ
అందరికీ చాలా థాంక్స్. అడవి_చూపు గారూ, మీ పోస్ట్ నాన్నకి చదివి వినిపించా. బట్వా సంగతి వినగానే లేచి కూర్చుని "మన చెంచులే కదమ్మా" అన్నారు. టైగర్ రిజర్వ్ బేస్ క్యాంపుల్లో ఆయనతో పాటు చెంచు వాచర్లే ఉండేవాళ్ళు, ఎండుటాకు మీద ఏ జంతువు ఎటు పోయిందో వాళ్ళే ఆయనకి నేర్పారట. బట్వా నడక మా ప్లాన్‌లో పెట్టేశాం. బుహోమా ఖాయం. జులైకే బుక్ చేస్తున్నాం.

కొండగాలి
నేను పోయినేడు వెళ్ళొచ్చా. ఒక టిప్. బయల్దేరే రోజు పొద్దున హెల్త్ గురించి అడుగుతారు, జలుబు ఉందంటే ఆపేస్తారు. నాకు ముందు రోజు నుంచి గొంతు నొప్పి, ముక్కు కారడం, ఒక మాత్ర వేసుకుని వెళ్ళిపోయా, ఎలాగూ మాస్క్ పెడతారు కదా ఎవరికీ తెలీలేదు. అంత డబ్బు పెట్టి హోటల్లో కూర్చోలేం కదా. అందుకని మాత్రలు దగ్గర పెట్టుకోండి.

డాక్టరమ్మ_గుంటూరు
కొండగాలి గారూ, దయచేసి ఈ సలహా ఇంకెవరికీ ఇవ్వకండి. మన జలుబు వాటికి జలుబులా ఉండదు. 2009లో రువాండాలో ఒక గుంపుకి మనుషుల శ్వాసకోశ వైరస్ పాకింది, ఒక ఆడ గొరిల్లా, ఒక పిల్ల చనిపోయాయి. మనకి చిన్నప్పటి నుంచి వచ్చి పోయి అలవాటైన వైరస్‌లు వాటి ఒంటికి పూర్తిగా కొత్త. మాత్ర జ్వరాన్ని దాస్తుంది, వైరస్‌ని ఆపదు.

కంపాలా_కాపురం
డాక్టరమ్మ గారి మాటే నాదీ. బ్విండిలోనే 1996లో మనుషుల గజ్జి గొరిల్లాలకి అంటుకుని ఒక పిల్ల చనిపోయింది. అప్పుడు వాటికి వైద్యం చేసిన గ్లాడిస్ కలేమా జికుసోకా గారు, ఉగాండాలో అడవి జంతువులకి మొదటి ప్రభుత్వ వెటర్నరీ డాక్టర్, ఆ తర్వాత 2003లో ఒక సంస్థ పెట్టి ఊళ్ళలో మనుషుల ఆరోగ్యం, గొరిల్లాల ఆరోగ్యం రెండూ కలిపి చూస్తున్నారు. ఊళ్ళో ఇంటికి మరుగుదొడ్డి ఉంటే అడవిలో గొరిల్లా బతుకుతుంది అని ఆవిడ పనే నిరూపించింది. పాత రూల్ ఏడు మీటర్ల దూరం ఉండేది, కోవిడ్ తర్వాత పది మీటర్లు చేశారు, మాస్క్ తప్పనిసరి. ఇంత చేస్తుంటే మనం మాత్ర మింగి వెళ్తే ఎలా?

కొండగాలి
అంత ఉందని నాకు తెలీదు. అయినా నేను చూసిన గొరిల్లాలకి ఏం కాలేదు కదా, గుంపు బాగానే ఉంది అన్నారు. సరే వదిలేయండి.

నల్లమల_బిడ్డ
(జులై నెలాఖరు) వెళ్ళొచ్చాం! మూడు రోజులైంది వచ్చి, బూట్లకి అంటిన బురద ఇంకా వదల్లేదు. రెండు ముక్కలుగా రాస్తా.

హైదరాబాద్ నుంచి అడిస్ అబాబా, అక్కడి నుంచి ఎంటెబ్బే. కంపాలాలో మన కంపాలా_కాపురం అన్నయ్య ఇంట్లో ఒక పూట భోజనం, పప్పుచారు, గోంగూర పచ్చడి, ఆ దేశంలో గోంగూర దొరుకుతుందని నేను కలలో కూడా అనుకోలేదు, వదిన పెరట్లోనే వేశారు. తెల్లారి ఆరింటికి బయల్దేరితే దారిలో భూమధ్యరేఖ దగ్గర ఆగి, మబరారాలో మటోకే తిన్నాం, మన కూర అరటికాయ ఉడికించి ముద్ద చేసినట్టు ఉంటుంది, పైన వేరుశనగ పులుసు. నాన్నకి బాగా నచ్చింది. చపాతీలో ఆమ్లెట్ చుట్టి రోలెక్స్ అని అమ్ముతారు, దారంతా అదే.

కిహిహి దాటాక మా ఆయనకి తుమ్ములు మొదలయ్యాయి. మొదట దుమ్ము అనుకున్నాం. రాత్రి బుహోమా చేరేసరికి గొంతు బొంగురు, కొంచెం జ్వరం. ట్రెక్కింగ్ మర్నాడు పొద్దున్నే. నేను బ్యాగ్‌లో మాత్ర తీసి చేతిలో పెట్టుకుని కూర్చున్నా, నిజం చెప్తున్నా, ఆ టైంలో కొండగాలి గారి పోస్టే గుర్తొచ్చింది. ఒక్క మాత్ర, ఎవరికీ తెలీదు, 70 వేలు, నాలుగు గంటల కొండ మీద నాన్నకి తోడు. మా ఆయన నా చేతిలో మాత్ర చూసి "ఇది జ్వరానికి వేసుకుంటా, రేపటికి కాదు" అని, గైడ్‌కి తనే ఫోన్ చేసి చెప్పేశారు. పర్మిట్ డబ్బు సంగతి ఏజెంట్‌తో తర్వాత చూసుకుందాం అన్నారు. మరి మాకు అంటుకుని ఉంటే అని డాక్టరమ్మ గారికి అర్ధరాత్రి మెసేజ్ పెట్టా, ఆవిడ ఓపిగ్గా జవాబిచ్చారు. పొద్దున నాదీ నాన్నదీ టెంపరేచర్ చూశారు, లక్షణాలు అడిగారు, నేనూ మా ఆయనా ఒక రూంలో పడుకున్నామని నేనే చెప్పా, నాన్నది వేరే రూం. సీనియర్ రేంజర్ కాసేపు ఆలోచించి "మీ నాన్నగారు వెళ్ళొచ్చు, మీరు వద్దు" అన్నారు.
కాబట్టి గొరిల్లాలని నేను చూడలేదు. నాన్న ఒక్కరే వెళ్ళారు.

గోదారి_గాలి
అయ్యో!! నాన్నగారికి ఇంగ్లీష్ పెద్దగా రాదేమో కదా? ఒక్కరే ఎలా వెళ్ళారు?

నల్లమల_బిడ్డ
నాకూ అదే భయం. కానీ ఆయన నిమ్మళంగా కర్ర పట్టుకుని బయల్దేరారు. ఇప్పుడు నాన్న పక్కనే కూర్చుని చెప్తున్నారు, నేను టైప్ చేస్తున్నా. ఇక్కడి నుంచి ఆయన మాటలే.

"మాకంటే ముందే ట్రాకర్లు అడవిలోకి పోయారు. నిన్న సాయంత్రం గొరిల్లాలని ఎక్కడ వదిలారో అక్కడి నుంచి జాడ పట్టుకుని పోతారు, మా చెంచు వాచర్లు చేసే పనే. నాతో ఏడుగురు తెల్లవాళ్ళు, ముందు ఒక గైడ్, ముందూ వెనకా తుపాకీలతో ఇద్దరు, అది ఏనుగుల కోసం, గాల్లోకి పేలుస్తారంట. నాకు ఒక కుర్రాడు పోర్టర్. వాళ్ళ భాషలో వెబాలే అంటే థాంక్స్, మా అల్లుడు నేర్పాడు, ఆ ఒక్క మాటతోనే నడిపించా రోజంతా.

మా నల్లమల పొడి అడవి, చెట్టుకి చెట్టుకి మధ్య చూపు ఆనుతుంది. ఇది అట్లా కాదు. కాలు కింద నేల ఉండదు, తీగల మీద నడుస్తాం, ఎక్కడ తొక్కితే ఎంత లోతుకి పోతామో తెలీదు. ముందు గైడ్ కత్తితో నరుక్కుంటా పోతాడు. మోకాలు ఎక్కేటప్పుడు ఏమనలేదు, డాక్టరమ్మ చెప్పినట్టే దిగేటప్పుడు ఏడిపించింది. కుర్రాడు నా ముందు నిలబడి భుజం ఇచ్చాడు, నా బరువంతా వాడి మీదే వేసి దిగా.

రెండున్నర గంటలకి గూళ్ళు చూపించారు. రాత్రి పడుకోడానికి ఆకులు కొమ్మలు వంచి చేసుకున్న పరుపులు, ఒక్కోదానికి ఒక్కోటి, పిల్లలు తల్లి దగ్గర. రోజుకో కొత్త గూడు. లద్దె ఇంకా పచ్చిగా ఉంది, ఈగలు మూగుతున్నాయి. దగ్గర్లోనే ఉన్నాయని నాకు తెలిసిపోయింది.

అక్కడ కర్రలు, బ్యాగులు అన్నీ పోర్టర్ల దగ్గర వదిలేయమన్నారు. కర్ర చూస్తే గొరిల్లాలకి ఈటె అనిపిస్తుందంట. పోర్టర్ కూడా రాడు. నాకు కర్ర లేకుండా ఆ వాలులో వంద అడుగులు. గైడ్ ఏం మాట్లాడకుండా వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు, చివరిదాకా వదల్లేదు.

ముందు వాసన వచ్చింది. తడిసిన చెమట, పొగ కలిసినట్టు ఘాటుగా. తర్వాత చప్పుడు, చెరుకు విరిచినట్టు పట పట. గైడ్ గొంతులో ఉఁ ఉమ్మ్ అని రెండుసార్లు గొణిగాడు, మేము వచ్చాం, గొడవ లేదు అని చెప్పడం అది. లోపల్నుంచి అదే గొంతుతో జవాబు వచ్చింది.

వీపు మీద తెల్ల జీను వేసినట్టు ఉంది, పెద్దది, మాకు వీపు పెట్టి కూర్చుంది. కాడ ఒకటి లాగి, మన ఆడవాళ్ళు తోటకూర కాడకి పీచు తీసినట్టు పంటితో పైపొర ఒలిచి, లోపలి గుజ్జు తిని, తొక్క పక్కన పెట్టింది. పారేయలేదు, పక్కన పెట్టింది! ఆ వేళ్ళు చూశా. గోళ్ళు, కణుపుల మీద ముడతలు. మా నాయన చేతులు, గుంటక తోలి తోలి అట్లాగే ఉండేవి.

ఒక పిల్ల మా వైపు నడిచి వచ్చింది, గైడ్ మమ్మల్ని వెనక్కి జరగమన్నాడు, అది ఇంకా వస్తుంటే తల్లి చూడకుండానే చెయ్యి చాపి కాలు పట్టుకుని వెనక్కి లాక్కుంది. ఫోటోలు నేను రెండే తీశా. గంట అయిపోయిందంటే నమ్మలేదు."

పాలమూరోడు
కాకా, కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. ఇంతకంటె ఏం చెప్పాలె.

అడవి_చూపు
నాన్నగారికి నమస్కారం చెప్పండి. "పారేయలేదు, పక్కన పెట్టింది" అనే మాట ముప్పై ఏళ్ళు అడవిని చూసిన మనిషికే వస్తుంది. బట్వా నడకకి వెళ్ళారా?

నల్లమల_బిడ్డ
మేమిద్దరం వెళ్ళలేదు, రూంలోనే ఉన్నాం, మా ఆయన జ్వరం మూడోరోజుకి తగ్గింది. నాన్న వెళ్ళారు. ఒక పెద్దాయన నిప్పు ఎలా చేసేవాళ్ళో రెండు పుల్లలు రాపాడించి చూపించారట, నాన్న కూడా కూర్చుని చెంచుల పద్ధతి చూపించారట. దుబాసీ ఏం అనువదించాడో ఏమో, ఇద్దరూ ఒకరి పుల్లలు ఒకరు మార్చుకుని మళ్ళీ చేశారు. వచ్చేటప్పుడు ఆ పెద్దాయన "మీ అడవిలో వాళ్ళని ఉండనిస్తున్నారా" అని అడిగారట. నాన్న దానికి ఏం చెప్పారో నాతో చెప్పలేదు, నేనూ రెట్టించలేదు.

కొండగాలి
రెండు రోజుల నుంచి ఈ థ్రెడ్ తెరుస్తున్నా, మూసేస్తున్నా. అక్కా, మీ ఇద్దరి ఎదుటా ఆ ఛాన్స్ ఉండి కూడా వదిలేశారు. నేను వదల్లేదు. ఆ తల్లి పిల్ల కాలు పట్టుకుని లాక్కున్న సంగతి చదివాక నేను వెళ్ళిన రోజు గుర్తొచ్చింది, నా దగ్గరికీ ఒక పిల్ల వచ్చింది, నేను కదల్లేదు, ఫోటో కోసం అలాగే కూర్చున్నా, మాస్క్ కూడా ముక్కు కిందకి జారి ఉంది. నా పాత పోస్ట్ తీసేయమని మోడరేటర్‌ని అడిగా. తప్పు చేశా.

డాక్టరమ్మ_గుంటూరు
తీసేయొద్దు కొండగాలి గారూ, ఉంచండి. కింద ఈ జవాబు కూడా ఉంటుంది కాబట్టి తర్వాత వచ్చేవాళ్ళు రెండూ చదువుతారు.

కంపాలా_కాపురం
నాన్నగారి కర్ర మా దగ్గరే మర్చిపోయారమ్మా, పిడి మీద గొరిల్లా చెక్కింది, కారు డిక్కీలో దొరికింది. ఎవరైనా హైదరాబాద్ వస్తే పంపిస్తా.

నల్లమల_బిడ్డ
పంపొద్దు అన్నయ్యా, అక్కడే ఉంచండి. జనవరికి మా ఇద్దరికీ పర్మిట్లు అడిగాం, నాన్న కూడా వస్తానంటున్నారు, అడవిలోకి కాదు, బుహోమాలో కూర్చోడానికట. ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచి ఇంట్లో ఎవరు తుమ్మినా వేరే గదిలో పడుకోవాలని ఇప్పుడే చెప్పేశారు. వదిన్ని గోంగూర ఉంచమనండి.